పొగ రాని బట్టీ

ఆ పొద్దున పుల్ల వంటింట్లో తూకం మిషన్ని ఎత్తుకొచ్చి షెడ్డులో పెట్టింది. పేరుకే పుల్ల. చిన్నప్పుడు గాలికి ఎగిరిపోతుందేమోనని జేబుల్లో మట్టిముద్దలు కుక్కి బడికి పంపేవారట. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. నడుమెత్తు పూలతొట్టిని ఒక్కతే ఎత్తి వ్యానులో పెట్టేస్తుంది. అలాంటి మనిషి ఆ పొద్దున గేటువైపు పదిసార్లు చూసింది.

"తూకం పట్టుకుపోతే నేను దేంతో కొలవనే?" అంటూ అమ్మ వెనకే వచ్చింది.

"ఒక్కపూటకి కళ్ళతో కొలుచుకోమ్మా. పదకొండింటికి నర్సరీ ఆవిడ వచ్చేస్తుంది."

నర్సరీ ఆవిడంటే ఆ ఇంటి పొయ్యి వెలిగించే మనిషి. వాళ్ళు చేసే పది కుండీల్లో తొమ్మిది ఆవిడవే. పోయిన విడత అరవై తొట్లు పంపితే మొదటి వానకే ఉల్లిపొరల్లా ఊడొచ్చాయి. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పెంకులన్నీ గోనెసంచిలో వేసి తిప్పి పంపి, ఫోనులో నెమ్మదిగా చెప్పింది. "పదిహేను రోజులు చూస్తానమ్మా. కుండీలు నీళ్ళలో నానేసి ఉంచండి, వచ్చి చూస్తాను. బాగుంటే ఈ సీజనంతా మీ దగ్గరే. లేదంటే నా దారి నేను చూసుకుంటాను."

ఆవిడ దారి ఆవిడ చూసుకుంటే షెడ్డుకి తాళమే. అందుకని పుల్ల ఒకే మట్టితో, ఒకే చక్రం మీద, ఒకే కొలతలో మూడు కుండీలు చేసింది. ఒకటి పెరట్లో నాన్న కట్టెల బట్టీలో కాలింది. ఒకటి రెండు గంటల దూరంలో ఉన్న పెంకుల కార్ఖానా గ్యాసు బట్టీలో. మూడోది పుల్ల మొగుడి స్నేహితుడి కరెంటు బట్టీలో. నిన్న పొద్దుటినుంచీ మూడూ నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్నాయి. సరిగ్గా కాలని కుండీ నీళ్ళు ఎక్కువ తాగుతుంది.

నాన్న బట్టీ మామూలు బట్టీ కాదు. దాని ముందు నిలబడితే జేబులో దువ్వెన వంగిపోయేది. గోడకి నాణెమంత కన్నం ఉంటుంది. నాన్న అందులోంచి ఒక్క చూపు చూసి, మంట రంగుని బట్టి "ఇంకో పావుగంట" అన్నాడంటే పావుగంటే. గోడ గడియారాలు కూడా ఆయన్ని అడిగి ముల్లు తిప్పుకునేవి.

"ముందు నీ కుండీ తూచనా నాన్నా?"

"తూచు. నాకేం భయం?"

భయం లేనివాడు ఖాళీ టీ గ్లాసుని మూడుసార్లు ఎత్తి తాగడు.

కుండీ తూకం మీదికెక్కింది. "కాలినప్పుడు నాలుగు కిలోలు. ఇప్పుడు నాలుగు కిలోల ఎనిమిది వందలు," అంది పుల్ల నీరసంగా.

"ఎనిమిది వందల గ్రాముల నీళ్ళు తాగేసిందా! మావయ్యా, ఇది కుండీ కాదు, ఒంటె," అన్నాడు అల్లుడు. వృత్తి కరెంటు పని, నోటికి మాత్రం ఫ్యూజు లేదు.

గ్యాసుది నాలుగొందలు తాగింది. కరెంటుది మూడొందల ఎనభై.

"చూశారా! కరెంటుదైతే మీట నొక్కి కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు."

"కూర్చో, బాగా కూర్చో. నడుమెత్తు తొట్టి దాంట్లో పడుతుందా? నరికి పెట్టాలి. మధ్యలో కరెంటు పోతే నువ్వు ఊదుతావా?" అని మొగుడి మాట కొట్టిపడేసి, పుల్ల తండ్రివైపు తిరిగింది. "గ్యాసయితే పెద్దవి ఇరవై పడతాయి నాన్నా. సెగ ఎంతో చూపే మీటరుంటుంది. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే సెగ. మన బట్టీలో మధ్యవి రాళ్ళయితే అంచులవి బిస్కెట్లు. నర్సరీ ఆవిడకి గ్యాసు బట్టీ పెట్టేస్తున్నామని చెప్పేస్తాను."

"చెప్పు. తర్వాత నన్ను కూడా ఆ గోనెసంచిలో వేసి కట్టెయ్."

"అదేం మాట నాన్నా?"

"మట్టి కలిపింది నువ్వు. ఇసక ఎక్కువ పోసుంటావు. నింద మాత్రం నా బట్టీకి!"

"అదే మట్టి గ్యాసులో గట్టిపడిందిగా! సరే, రేపు ఇంకోటి కాల్చు. కన్నం దగ్గర నీ పక్కన నేను నిలబడతాను. ఏ రంగుకి మంట ఆపుతున్నావో నేనూ చూస్తాను. అమ్మ ఇంట్లో పని చూసుకుంటుంది."

నాన్న ఆ ఖాళీ గ్లాసుని మళ్ళీ ఎత్తాడు. అమ్మ గబుక్కున అడ్డొచ్చింది. "నేనుండాలి."

"నువ్వెందుకమ్మా?"

"ఎందుకేంటి, ఎప్పుడూ ఉంటానుగా."

అవును, ఎప్పుడూ ఉంటుంది. మంట పెట్టిన ప్రతిసారీ అమ్మ ఆ కన్నం పక్కనే స్టూలేసుకుని కూర్చుంటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా విడిచి ఉండలేరని పుల్లా, మొగుడూ నవ్వుకునేవారు. పుల్లకి ఇప్పుడు నవ్వు రాలేదు. షెడ్డు గోడవైపు చూసింది. రెండేళ్ళుగా బట్టీ కాల్చిన ప్రతి తేదీ అక్కడ సుద్దముక్కతో రాసి ఉంది. సరుకు బాగుంటే సున్నా, పాడైతే అడ్డగీత. వరసగా సున్నాలే. అడ్డగీతలు రెండంటే రెండు.

మొదటి గీత ఆ అరవై తొట్లది. ఆ వారమే అమ్మ కాలు బెణికి మంచం దిగలేదు.

రెండో గీత ఇందాక తను గీసిందే, ఈ ఒంటెది. అది కాలిన రోజు అమ్మ ఎక్కడుంది? దార్లో గుంతలకి పచ్చికుండీ పగలకుండా ఒళ్ళో పెట్టుకోవడానికని, అమ్మని గ్యాసు బట్టీకి వెంటబెట్టుకుని పోయింది తనే. న్యాయంగా పోల్చుదామని బయల్దేరి, నాన్న చూపుని వ్యానులో ఎక్కించుకుని తీసుకుపోయింది.

"నాన్నా," అంది మెల్లిగా. "నీకు కనిపించట్లేదు కదూ?"

అమ్మే నోరు విప్పింది. "రెండేళ్ళయిందే. రంగు నేను చెప్తాను, టైము ఆయన చెప్తారు."

"ఎరుపు దాకా తెలుస్తుంది," అన్నాడు నాన్న నేల చూస్తూ. "ఆ తర్వాత పాలు పోసినట్టు అంతా తెల్లగా అయిపోతుంది. డాక్టరు దగ్గరికెళ్తే ఏమంటాడో నాకు తెలుసు. మంటకేసి చూడొద్దంటాడు. నువ్వేమో మీటరంటావు. మీటరుండగా నేనెందుకే ఇంట్లో? గుమ్మానికి ఆనించి పెట్టడానికా?"

అంతలో గేటు చప్పుడైంది. పదకొండు.

నర్సరీ ఆవిడ కుశలమైనా అడగలేదు. ఒంటెని ఒక వేలితో పక్కకి నెట్టింది. గ్యాసు కుండీని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, తల పంకించింది. "ఇదీ కుండీ అంటే. ఇలాంటివైతే మూడొందల కుండీలు..."

"ఆగండమ్మా," అన్నాడు నాన్న.

ఆయన కుండీని తడుముతూ అందుకుని, తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో ఒక్కటి కొట్టాడు. 'ఖంగ్' మనాల్సింది చివర్లో కొంచెం జీరపోయింది. అంతకుముందు పుల్లా కొట్టింది, అల్లుడూ కొట్టాడు. వాళ్ళకి గంట మోగినట్టే ఉంది.

"అడుగున వెంట్రుకంత పగులుంది. నాలుగు వానలకి విచ్చిపోతుంది. ఇది తీసుకోకండి."

పుల్ల గిరుక్కున నాన్నవైపు తిరిగింది. చేతికందినదాన్ని ఈయనే తన్నేస్తున్నాడు! అల్లుడు కుండీ అడుగు బెజ్జానికి మట్టిముద్ద పెట్టి, నీళ్ళు పోసి పీట మీద పెట్టాడు. పావుగంట గడిచింది. ఎత్తి చూస్తే పీట మీద సన్నటి తడిగీత.

నర్సరీ ఆవిడ ఆ గీతని వేలితో తడిమి చూసుకుంది. పుల్ల ఇక ఏమీ దాచదలుచుకోలేదు. తొట్లు ఎందుకు ఊడాయో, తప్పెక్కడ జరిగిందో అంతా చెప్పేసింది. నాన్న అటు తిరిగి నిలబడ్డాడు.

"మీరు ఏ బట్టీలో కాల్చుకుంటారో మీ ఇష్టం," అంది చివరికి ఆవిడ. "నాకొచ్చే ప్రతి కుండీ ముందు ఈయన చెవి దాటాలి. అలాగైతే మూడొందలు రాసుకోండి."

ఆవిడ వెళ్ళాక పుల్ల నాన్న దగ్గరికొచ్చి, బట్టీ సెగకి బొబ్బలెక్కి మానిన ఆ చెయ్యి పట్టుకుంది. "మీటరు సెగ చెప్తుంది నాన్నా. పగులు చెప్తుందా?"

ఆయన ఆ చేతిని వెనక్కి లాక్కోలేదు.

మూడు నెలల తర్వాత పెరట్లో గ్యాసు బట్టీ మొదటిసారి వెలిగింది. నాన్న కంటికి ఆపరేషనైంది. డాక్టరు అనుకున్న మాటే అన్నాడు, మంటకేసి చూడొద్దని. అందుకే ఆయన కన్నానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పెద్ద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మీటరు ముందు నిలబడింది, విమానం నడిపేదానిలా.

"తొమ్మిదొందల డెబ్భై," అని చదివింది.

"అంకె ఎవరికి కావాలే? రంగు చెప్పు."

అమ్మ మీటరు వదిలేసి కన్నం దగ్గరికి వంగింది. "నారింజ తొక్కలా ఉందండీ. కాదు... లోపల తొనలా అవుతోంది."

నాన్న కళ్ళు మూసుకుని ఆ రంగుని చూశాడు. "ఇంకో పావుగంట."

మీటరు ఎంత చెప్తుందో పుల్ల చూడలేదు. గడియారం చూసుకుని, పావుగంట లెక్కపెట్టుకుంటూ నిలబడింది.

"ఏంటే, కళ్ళు తుడుచుకుంటున్నావు?" అన్నాడు మొగుడు.

"పొగ," అంది పుల్ల.

గ్యాసు బట్టీకి పొగ రాదని ఆ పెరట్లో అందరికీ తెలుసు.