హేలియోన్ ఆగిన గుహ

తేనెపట్టుతో పాటు వెండి నాణెం రాలిపడిందంటే ఎవరు నమ్ముతారు? పరాంకుశం నమ్మాడు. పాత నాణేలు చదవడమే అతని వృత్తి. నల్లమలలో తేనె తీసే చెంచు ఈదన్న తెచ్చిచ్చిన ఆ బిళ్ళమీద తలకు పట్టీ కట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడి ముఖం ఉంది. చుట్టూ గ్రీకు అక్షరాల్లో ‘హేలియోన్ రాజు’ అని ఉంది.

హేలియోన్ గాంధారానికి ఆవల పదకొండు నెలలు ఏలిన యవన బాలుడు. తండ్రి పోతే సింహాసనం ఎక్కించారు. ఏడాది తిరక్కుండానే తిరుగుబాటు వచ్చింది. పినతండ్రి అతన్నీ ఖజానానూ ఓడకెక్కించి దక్షిణానికి పారిపోయాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఏమయ్యారో చెప్పినవాళ్ళు లేరు.

మూడు రోజులు నడిచి, ముళ్ళపొదలు నరుక్కుంటూ, మిట్టమధ్యాహ్నానికి ముగ్గురు మనుషులు నాణెం దొరికిన కొండ అంచుకు చేరారు. మూడోమనిషి పరాంకుశం బాబాయి శఠగోపం. అన్న పోయాక పరాంకుశాన్ని పెంచి పెద్దచేసినవాడు. అరవై దాటినా, కుర్రాణ్ణి అడవిలోకి ఒంటరిగా పంపడానికి ససేమిరా అన్నాడు.

గుహ నోరు అంచుకు నాలుగు నిలువుల కింద ఉంది. ఈదన్న ముడులు వేసిన తాడును ఒక మొద్దుకు బిగించి శఠగోపాన్ని ఎగాదిగా చూశాడు.

“ఈయన నీకేమవుతాడు సామీ?”

“బాబాయి.”

“అయితే తాడు కాడ ఈయనొద్దు. మాలో తేనెకు దిగేవోని తాడు బావమర్దే కాస్తాడు. వానికి అక్క తాళి గుర్తుంటాది. తండ్రి వైపోళ్ళకు వాటా గుర్తొస్తాది.”

శఠగోపం నవ్వాడు. “వీడికింకా పెళ్ళే కాలేదయ్యా. బావమరిదిని ఎక్కణ్ణుంచి తేను?”

ఈదన్న నవ్వలేదు. తేనెటీగలు లేవకుండా పొగ పెట్టక తప్పదు కాబట్టి తాడు ఆయనకే వదిలి అవతలి అంచుకు వెళ్ళిపోయాడు. పరాంకుశానికి మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. తన తండ్రి ఇల్లు బాబాయి పేరు మీదికి మారిందన్న చుట్టాల గుసగుసలు వింటూనే అతను పెరిగాడు. ఛ, ఇదేం ఆలోచన అని తనను తానే తిట్టుకుని తాడు పట్టి దిగాడు.

లోపల ఎండాకాలం లేదు. ఒళ్ళు జలదరించే చలి, గబ్బిలాల కంపు. టార్చి వెలుగులో కంచు పెట్టె కనిపించింది. మూత తోస్తే నిండా బంగారం. పదేళ్ళుగా కలగన్నది కళ్ళెదుట ఉంది.

వెలుగు పక్కకు తిరిగింది. గోడవారగా మోకాళ్ళు ముడుచుకున్న చిన్న అస్థిపంజరం. పుర్రెకు బంగారు పట్టీ. పైన గోడమీద గీకిన గ్రీకు అక్షరాలు.

‘పినతండ్రి పైనుంచి ఆగమన్నాడు. ఆగాను.’

దానికింద మళ్ళీ ‘ఆగాను’. ఇంకా కింద మళ్ళీ అదే. గీత సన్నబడుతూ, అక్షరాలు వంకరపోతూ, చివరి ‘ఆగాను’ నేలకు జానెడు ఎత్తులో ఉంది. పడుకుని రాసి ఉంటాడు. పరాంకుశానికి దుఃఖం పొంగుకొచ్చింది. వెనక ఎవరో చిన్నగా ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

అప్పుడే పైనుంచి శఠగోపం గొంతు.

“ఒరేయ్ పరాంకుశం, ఆగు. నేను చెప్పేదాకా ఎక్కకు.”

“ఎందుకు బాబాయ్?”

జవాబు లేదు. తాడు మాత్రం కదిలింది.

పెట్టె వైపు చూడనైనా చూడకుండా పరాంకుశం తాడుమీదికి ఎగిరాడు. తాడు ఒక్కసారిగా బారెడు జారి ఆగింది. వదిలేస్తున్నాడు, వదిలేస్తున్నాడు అనుకుంటూ ముడి తర్వాత ముడి పట్టుకుని పిచ్చివాడిలా ఎగబాకాడు. అంచు అందగానే బాబాయి మెడ పట్టుకోవాలన్నంత కోపంతో పైకి వచ్చిపడ్డాడు.

మొద్దు వేళ్ళతో సహా పెకలివచ్చి పక్కన పడి ఉంది. శఠగోపం బండకు మడమలు తన్నిపెట్టి, తాడును నడుముకు రెండు చుట్లు చుట్టుకుని వెల్లకిలా పడున్నాడు. అరచేతుల్లో చర్మం లేదు. అరుపు విన్న ఈదన్న అప్పుడే పరుగున వచ్చి తాడు అందుకున్నాడు.

“ఆగమన్నాను కదరా,” అన్నాడు బాబాయి రొప్పుతూ. “ఈదన్న వచ్చేదాకా ఆగితే ఏం పోయింది?”

పరాంకుశం అబద్ధం ఆడలేకపోయాడు. గోడమీద రాత గురించి చెప్పాడు. “నువ్వూ వదిలేస్తావనుకున్నాను బాబాయ్.”

ఈదన్న తలపాగా చించి చేతులకు కట్టు కడుతున్నంతసేపూ శఠగోపం లోయలోకే చూస్తూ కూర్చున్నాడు.

“పెట్టె ఉండాదా సామీ?” అన్నాడు ఈదన్న.

“ఉంది. ఆ పిల్లవాడి దగ్గరే ఉండనీ. నేను మళ్ళీ దిగను.”

సరేనన్నట్టు ఈదన్న తాడు పైకి లాగి చుట్టుకున్నాడు. దిగువకు నడక మొదలయ్యాక, చాలా దూరం పోయాక, బాబాయి ఉన్నట్టుండి ఆగాడు.

“ఆ పిల్లాడి పినతండ్రికి కూడా చేతులు జారాయేమోరా. పైనున్నవాడి సంగతి ఎవరు రాశారు?”

పరాంకుశం ఆయన మోచేయి పట్టుకుని నడిపించాడు.