జీరో టికెట్

పాకాల జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం మీద పొద్దున ఏడున్నరకు గుణశేఖర్ చచ్చిపోయాడు. చేతిలో సగం తాగిన టీ కప్పు, పెదాల మీద నురగ. చుట్టూ చేరినవాళ్ళు గుండెపోటన్నారు. అవతలి బెంచీ మీద పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్న ఏజెంట్ దయానంద్‌కు మాత్రం అది విషమని తెలుసు. ఒకే డిపార్టుమెంటు, పదేళ్ళ స్నేహం. అయినా దగ్గరికి వెళ్ళలేదు. ఈ ఉద్యోగంలో స్నేహితుడి శవాన్ని గుర్తుపట్టకూడదు.

గుణశేఖర్ చివరి మెసేజ్ అప్పటికే అతని ఫోన్లో ఉంది. “శుభలేఖలు పన్నెండున్నర ఫ్లైట్‌కు. చిప్‌లో ఉన్నాయి. కాపీ లేదు. సంపంగి బస్సులో వస్తుంది.”

శుభలేఖలంటే జాబితా. సరిహద్దు అవతల మన కోసం పనిచేసే పదకొండు మంది పేర్లు. ఎనిమిదో పేరు నిస్సీ. దయానంద్ సొంత చెల్లెలు, అక్కడి ఆసుపత్రిలో నర్సు. వద్దు మొర్రో అన్నదాన్ని రెండేళ్ళే కదమ్మా అని బతిమాలి ఈ రొంపిలోకి దింపింది తనే. ఆరేళ్ళయింది. ఆ చిప్ విమానమెక్కిందంటే నిస్సీ రేపటి సూర్యుణ్ణి చూడదు.

సంపంగి ఒకప్పుడు మన డిపార్టుమెంటే. చిత్తూరు పిల్ల. అందగత్తె అని ఫైల్లో మూడుచోట్ల రాసుంది గానీ ఫోటో ఒక్కటీ లేదు. ఇటు జీతం తీసుకుంటూనే అటు అమ్ముడుపోయి, ఎనిమిదేళ్ళ కిందట ఆ ఫోటోలు కూడా చింపుకుని దేశం దాటేసింది.

చీఫ్ మునిప్రసాద్ ఫోన్లోనే బ్రీఫింగ్ ముగించాడు. రేణిగుంట ఎయిర్‌పోర్టు రోడ్డులో ప్రతి కారునూ ఆపి వెతుకుతున్నారు. బస్సు దిగి నడిచొచ్చేవాళ్ళ వంక ఎవడూ చూడడు, అందుకే ఆమె బస్సెక్కుతోంది. మొహం తెలియని మనిషి కోసం ఫ్లైట్ ఆపడం కుదరదట. బ్యాకప్ ఎవరని దయానంద్ అడిగితే, నువ్వేనన్నాడు.

ఆ ఫ్లైట్ వేళకు ఎయిర్‌పోర్టు మలుపులో ఆగే బస్సు ఒక్కటే. తిరుపతి బస్టాండులో శ్రీకాళహస్తి ఎక్స్‌ప్రెస్. నగరి చీరల వ్యాపారి వేషంలో, మూట భుజానేసుకుని ఎక్కిన దయానంద్ మెట్టు మీదే ఆగిపోయాడు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచీ ఏ బస్సు చూసినా ఇంతే, డ్రైవరూ కండక్టరూ తప్ప అంతా ఆడవాళ్ళే. చెవిలో హియరింగ్ ఎయిడ్‌లా కనిపించే స్కానర్ చిప్ దగ్గరికొస్తే బీప్ అనాలి. అది బస్సులో ఉన్న ప్రతి సెల్‌ఫోనుకూ బీప్ అంది. ఆఫీసువాళ్ళ తెలివికి ఒక దండం పెట్టి, తీసి జేబులో వేసుకున్నాడు.

రెండు సీట్ల ముందు నల్లకళ్ళద్దాల అమ్మాయి. జీన్సు, ఖరీదైన సెంటు, నిమిషానికోసారి వాచీ చూసుకోవడం. దయానంద్ చూపు అక్కడే అతుక్కుపోయింది.

పక్క సీట్లో వెలిసిన చీర కట్టుకున్న అవ్వ తమలపాకులు నములుతోంది. కూతురు ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేస్తుందట, క్యారేజీ ఇవ్వడానికి పోతోందట. కాసేపు అతని మొహం చూసి అడిగింది.

“ఏం నాయనా, మొగం అట్టా వాడిపోయిండాది? ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?”

“చెల్లెలికి, అవ్వా.”

“దేవుడుండాడులే.” చేతిలో ఉన్న చీటీలో నాలుగు వక్కపలుకులు చుట్టి అతని అరచేతిలో పెట్టింది. ఆ ఆప్యాయతకు దయానంద్ కళ్ళు చెమర్చాయి.

ఎయిర్‌పోర్టు మలుపులో ఏడుగురు దిగారు. ఎండలో నడక. దయానంద్ నల్లకళ్ళద్దాల వెనకే గేటు దాకా పోయాడు. అక్కడ ఆ అమ్మాయి బ్యాగులోంచి ఐడీ కార్డు తీసి మెళ్ళో వేసుకుంది. గార్డు నవ్వుతూ, ఇవాళ కూడా లేటా మేడమ్ అన్నాడు. టికెట్ కౌంటర్లో ఉద్యోగమట.

అంతా అయిపోయింది. దయానంద్ ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. నిస్సీకి ఫోన్ చేసే వీలు కూడా లేదు. చేసినా ఏమని చెప్తాడు? నోరెండిపోయి, అవ్వ ఇచ్చిన వక్క నోట్లో వేసుకుందామని చీటీ విప్పాడు.

బస్సు టికెట్. తిరుపతి నుంచి ఎయిర్‌పోర్టు మలుపుకు, పూర్తి చార్జీ. ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కాదు.

ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఫ్రీ. కార్డు మరిచిపోతే మన జిల్లా అవ్వ ఊరుకుంటుందా? రేణిగుంట దాటేదాకా కండక్టరుతో కొట్లాడి, ఏడు తరాలూ తిట్టి, అప్పుడు గానీ కొంగుముడి విప్పదు. ఈ అవ్వ కిక్కురుమనకుండా డబ్బులిచ్చింది. యాస మరవలేదు, వక్క కొరకడం మరవలేదు. ఎనిమిదేళ్ళు ఊళ్ళో లేకపోవడం మాత్రం టికెట్ మీద అచ్చయిపోయింది.

దయానంద్ మూట పారేసి పరుగెత్తాడు. టెర్మినల్ బయట లేడీస్ టాయిలెట్ పక్క చెత్తబుట్టలో వెలిసిన చీర, క్యారేజీ. డోరు ముందు క్యూలో పట్టుచీరలు, నల్లద్దాలు, హైహీల్స్ కలిపి ఆరుగురు. ఎవరు? డోరు దగ్గర గార్డు ఒక్కొక్కరినీ లోపలికి పంపేస్తున్నాడు.

“అవ్వా! నీ టికెట్టు పడిపోయింది!”

ఎయిర్‌పోర్టు క్యూలో టికెట్ మాట వింటే ఎవరాగుతారు? అందరూ వెనక్కి తిరిగి బ్యాగులు తడుముకున్నారు. డోరులో కాలు పెట్టిన ఎర్రపట్టుచీర ఒక్కతే మెడ కూడా కదల్చలేదు. దయానంద్ ఒక్క దూకున చెయ్యి పట్టుకున్నాడు. గార్డు తుపాకీ అతని మీదికి లేచింది. ఎవరీ పిచ్చివాడని ఆమె ఇంగ్లీషులో అడిగి నవ్వింది. ఆ పళ్ళు వక్కాకు ఎరుపు.

దయానంద్ తన కార్డు చూపించాక వెతికితే, చిప్ ఆమె హ్యాండ్‌బ్యాగులో, సున్నపు డబ్బీలో దొరికింది. దయానంద్ దాన్ని మడమ కింద వేసి పిండి చేశాడు.

బేడీలు పడ్డాక ఆమె అడిగింది. “ఎట్ట కనిపెట్టినావప్పా?”

టికెట్ చూపించాడు. రెండుసార్లు చదువుకుంది. “ఇది పోతే ఇంకోటి రాస్తారు నాయనా. బస్సులో చెప్పినావే, ఆ చెల్లెలు ఈ జాబితాలోదే కదా, ఆ పిల్ల ఆడుండేదాకా ఆపలేవు.”

అతను చీఫ్‌కు ఫోన్ చేసి, నిస్సీని ఎప్పుడు వెనక్కి పిలిపిస్తారని అడిగాడు. ఇప్పుడు పిలిపిస్తే అనుమానమొస్తుందన్నాడు చీఫ్. వెహికల్ లేదు, బస్సులో వచ్చెయ్యమని కూడా అన్నాడు.

మలుపులో గంటన్నర నిలబడ్డాక అదే బస్సు తిరిగొచ్చింది. కండక్టర్ మునిచంద్ర గుర్తుపట్టాడు.

“ఎవురన్నా రావాల్నా అన్నా, ఎయిర్‌పోర్టుకు?”

“చెల్లెలు రావాల. రాలేదు.”

మునిచంద్ర టికెట్ మిషన్ తీశాడు. దేశాన్ని కాపాడొచ్చినా మగవాడే కాబట్టి, దయానంద్ తిరుపతికి పూర్తి టికెట్ తీసుకున్నాడు.