ఆ నవ్వు ఎవర్ని చూసి

పాత బల్లకట్టు రేవు పేరెత్తితే చాలు, వంతెన దగ్గర కాఫీ కొట్లో మాటలు ఆగిపోతాయి. వంతెన వచ్చాక బల్లకట్టు పోయింది. దాంతో పాటే రేవులో కాపురాలూ లేచిపోయాయి. మిగిలినవి పాచి పట్టిన మెట్లు, నీళ్లలోకి వంగిన కొబ్బరి మట్టలు... ఇంకా, ఆవిడ.

చీకటి పడ్డాక అటు పోయినవాళ్లకి కనిపిస్తుందట. విరబోసుకున్న తడిజుట్టు, చేతిలో లాంతరు. దగ్గరికొచ్చి లాంతరు మొహం దాకా ఎత్తి, ఒకటే మాట అడుగుతుందట —

"ఇద్దరేనా? మూడోది ఏదీ?"

ఆ మాట విని, భుజాన సంచీతో వచ్చిన ఓ కుర్ర జంట చెప్పులు వదిలేసి మరీ పరిగెత్తారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం కూడా ఆ చెప్పుల కోసం రాలేదంటే చూడండి.

ఖియెమ్ సైగాన్ నుంచి వచ్చింది దెయ్యం కోసం కాదు. అరవై దాటిన ఫొటోగ్రాఫరాయన. బతుకంతా మామూలు మనుషుల్నే తీశాడు. చేపలమ్మేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, వరి నాటేవాళ్లు. ఇప్పుడు అవన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాడు. ఒక్కో ఫొటో కింద ఆ మనిషి కథ నాలుగు ముక్కలు రాయాలి. తీరా కలం పట్టుకుంటే తెలిసొచ్చింది, మొహాలన్నీ గుర్తున్నాయి గాని పేరు ఒక్కటీ తెలీదని. అందుకే ఒక్కొక్కళ్లనీ వెతుక్కుంటూ తిరుగుతున్నాడు.

ఆయనకి పేరు తెచ్చిన ఫొటో ఈ రేవులోదే. ఇరవై ఏడేళ్ల కిందట తీసింది. మెట్టు మీద పడవ నడిపే ఓ ఆడమనిషి, పక్కన పదేళ్ల కూతురు. ఇద్దరూ పగలబడి నవ్వుతుంటారు. కాలెండర్ల మీదికి కూడా ఎక్కింది. పేదవాళ్ల నవ్వులో కల్మషం ఉండదని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు ఖియెమ్. వాళ్లు ఎందుకు నవ్వారో ఆయనకేం తెలుసు?

"ఇప్పుడా వెళ్లేది?" అంది కాఫీ కొట్టావిడ. పుట్టిన వరసని బట్టి అందరూ ఆవిణ్ణి ఏడో అక్క అంటారు. "పొద్దున పోరాదూ? దెయ్యం ఎక్కడికీ పోదులే."

"రాత్రి బస్సుకి తిరిగి వెళ్లిపోవాలక్కా. ఒకసారి చూసి వచ్చేస్తా."

"చూసేది మీరు కాదు బాబూ, అది."

ఖియెమ్ నవ్వేసి బయల్దేరాడు. ఆ నవ్వు రోడ్డు దిగేదాకానే ఉంది.

కాలిబాట... రెండు పక్కలా మనిషెత్తు గడ్డి. అడుగు వేస్తే బురద చప్పుడు. ఆగితే అదీ లేదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పగటి వెలుగు పూర్తిగా పోయింది. మెట్టు మీద ఓ లాంతరు మాత్రం వెలుగుతోంది.

నీళ్లలో ఏదో కదిలింది.

ఎవరో మెట్లెక్కుతున్నారు — ఒక్కో మెట్టే, తడికాళ్లతో. ఆ లాంతరు లేచింది. దగ్గరికొచ్చింది. ఆయన మొహం దాకా పైకొచ్చింది.

"ఇద్దరేనా?" గుసగుసగా అడిగిందావిడ. "మూడోది ఏదీ?"

ఖియెమ్ భుజాన ఉన్న కెమెరా సంచీని అదుముకున్నాడు. అప్పుడు ఆవిడకి దగ్గొచ్చింది. దెయ్యాలు దగ్గుతాయని ఎవరూ చెప్పలేదు. ధైర్యం చిక్కబట్టుకుని చూస్తే, ఆవిడ రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో ఓ పాత కాలెండరు కాగితం.

తను తీసిన ఫొటో.

"మీరు... ఇందులో ఉన్న మనిషే కదూ?"

ఆవిడ ఆయన భుజాన ఉన్న సంచీ వంక చూసింది. తర్వాత మొహం వంక, చాలాసేపు.

"ఫొటో బాబువి నువ్వేనా?" అంది. "నా పేరు థామ్. ఆ రోజు నువ్వు అడగలేదు."

మెట్ల వెనక ఆవిడ గుడిసె. రోజంతా పడవలో కూరలమ్మి, ఏట్లో మునిగి ఇంటికొస్తుంది. లోపల, పోయినవాళ్లకి దణ్ణం పెట్టుకునే పెద్దల పీట మీద అగరొత్తి వెలుగుతోంది. దాని ముందు ఓ ఫొటో ఫ్రేము. అద్దం తళతళలాడుతోంది. అద్దం వెనక ఏమీ లేదు.

"ఎవరిదక్కా?"

"ఊత్‌ది. నా కడగొట్టు పిల్ల. అప్పటికి అయిదేళ్లు." థామ్ లాంతరు కింద పెట్టింది. "ఆ రోజు నువ్వు మా ముగ్గుర్నీ నిలబెట్టావు. అది మధ్యలో దూరింది. ముగ్గురు ఫొటో దిగితే నడిమి మనిషి పోతారంటారుగా... భయమేసింది. నేనే దాని రెక్క పట్టి అవతలికి నెట్టాను."

ఖియెమ్ ఖాళీ ఫ్రేము వంక చూశాడు.

"రెణ్ణెల్లకి వరదొచ్చింది. పడవకీ మెట్టుకీ మధ్య కాలు జారింది. పోతుందని నెట్టేసిన పిల్లే పోయింది బాబూ. ఫొటో దిగినవాళ్లం మిగిలాం." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్లూ సంచీ ఉన్న ప్రతివాణ్ణీ నువ్వేనేమోనని, ఈ ఫొటోలో ఇద్దరేనా, మూడోది ఏదీ అని అడుగుతున్నా. ఇంకో ఫొటో తియ్యలేదూ? అంచున దాని చెయ్యి ఉన్నా చాలు... జడ కొస ఉన్నా చాలు. ఆ ఫ్రేములో పెట్టుకుంటా."

ఒక దృశ్యానికి ఒకే ఒక్కసారి బటన్ నొక్కడం ఖియెమ్ పద్ధతి. రెండోసారి నొక్కేది చేతకానివాళ్లని కుర్రాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

"లేదక్కా," అన్నాడు. "అదొక్కటే."

థామ్ తలూపింది. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"మేం ఎందుకు నవ్వామో తెలుసా నీకు?"

"తెలీదు."

"ఊత్ వచ్చి నీ ఎడం పక్కన నిలబడింది. నీ చొక్కా అంచు పట్టుకు లాగుతూ, నీలాగే ఓ కన్ను మూసి, పిడికిలి కంటికి పెట్టుకుని... దాన్ని చూసి నవ్వాం."

ఖియెమ్ గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. లోకం మెచ్చిన ఆ నవ్వు తన పక్కనున్న పిల్లది. ఆ పిల్ల వంక తనొక్కసారి తిరిగి చూస్తే సరిపోయేది.

చాలాసేపటికి లేచి కెమెరా తీశాడు.

"మిమ్మల్ని ఒక్కటి తీస్తానక్కా. ఆ మెట్టు మీదే."

"ఇప్పుడు నన్నెందుకు?" అంటూనే వెళ్లి కూచుంది. జుట్టు ముడేసుకుంది. లాంతరు పక్కన పెట్టుకుంది. నవ్వమని అడగడానికి ఖియెమ్‌కి నోరు రాలేదు. ఆ మొహానికి నవ్వు మర్చిపోయి ఎన్నేళ్లయిందో.

కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

గాలి లేదు. నీళ్లు చప్పుడు చెయ్యలేదు.

ఎడం పక్క... చొక్కా అంచు కదిలింది. ఎవరో లాగి వదిలినట్టు. మళ్లీ లాగారు — ఈసారి కొంచెం గట్టిగా, కింది నుంచి.

కెమెరాలోంచి చూస్తూనే ఉన్నాడు. థామ్ కళ్లు కెమెరా మీంచి పక్కకి జరిగాయి. పక్కకి, కిందకి. అక్కడే ఆగాయి. పెదవులు వణికాయి.

అప్పుడు నవ్విందావిడ. పగలబడి... అచ్చం ఆ ఫొటోలో లాగే.

ఖియెమ్ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ, మళ్లీ, రీలు అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు. పక్కకి మాత్రం తిరిగి చూడలేదు. చూస్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయం.