నాలుగో ఆమెన్

ఆనందరావు గారు కొత్తగా వచ్చిన బండి పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. తార్నాకలోని ఆ సందు నిండా ఆదివారం మధ్యాహ్నపు కూరల వాసన. చర్చి నుంచి వచ్చినవాళ్ళు ఇంకా చెప్పులైనా విప్పలేదు. ఆయన భార్య హెలెన్ గారు కొంగు తలమీదికి లాక్కున్నారు. కాబోయే అల్లుడు ఆరోన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని తల వంచాడు. ఆనందరావు గారి అమ్మాయి బ్లెస్సీ మాత్రం కళ్ళు మూయలేదు. బండినే చూస్తోంది.

మూడు వందల యాభై సీసీ బండి. నల్లగా నిగనిగలాడుతూ, మేత బాగా పడ్డ దున్నలా గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"ప్రభువా, ఈ వాహనాన్ని నీ చేతికి అప్పగిస్తున్నాం. దీన్ని నడిపే ఆరోన్‌ను, వెనక కూర్చునే మా బిడ్డ బ్లెస్సీని రాకపోకల్లో నువ్వే కాపాడు తండ్రీ. ఆమెన్."

హెలెన్ గారు ఆమెన్ అన్నారు. ఆరోన్ అన్నాడు. నాలుగోది రాలేదు.

ముప్పై ఏళ్ళు బడిలో హాజరు పిలిచిన మనిషి ఆనందరావు గారు. పలకని గొంతు ఏదో ఆయన చెవికి ఇట్టే తెలుస్తుంది. కళ్ళు తెరిచి కూతురి వంక చూశారు. బ్లెస్సీ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నె మూత పడిన చప్పుడైంది. పడిందో, పడేసిందో.

ఆ ఇంట్లో బండి నడిపేది బ్లెస్సీ. తను ఇంటర్‌లో ఉండగా నాన్నకు కంటి ఆపరేషన్ అయితే, ఆయన నూరు సీసీ బండి తను బయటికి తీసింది. స్కూటీ కాదు, గేర్ల బండి. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని చర్చికీ, నల్లకుంట మార్కెట్‌కీ తిప్పింది. చూపు బాగుపడ్డాక కూడా ఆయన తాళంచెవి తిరిగి అడగలేదు. అది జరిగి పదేళ్ళు. బ్లెస్సీ అయిదడుగుల ఒక్క అంగుళం మనిషి. ఆ బండి మీద కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనుతాయి.

ఆరోన్‌తో పరిచయం కూడా ఆ బండి వల్లే. యూనివర్సిటీలో ఆమెది కెమిస్ట్రీ, అతనిది చరిత్ర. ఇద్దరూ రీసెర్చ్ చేస్తున్నారు. రెండేళ్ళ కిందట ఒక వానలో, సీతాఫల్‌మండి స్టేషన్ నుంచి నడిచివస్తున్న అతని తెల్లచొక్కా మీద ఆమె బండి గుంటలో నీళ్ళన్నీ చిమ్మింది. అతను తిట్టడానికి నోరు తెరిచాడు. ఆమె ఆగి హెల్మెట్ తీసింది. అతను నోరు మూశాడు. ఎలాగూ తడిశారు కదా, ఎక్కండి, దింపుతానంది. ఆ ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు.

రోజూ తొమ్మిదింటికి స్టేషన్ దగ్గర ఎక్కేవాడు. ఆర్ట్స్ కాలేజీ దాకా ఆమె చెవి దగ్గర ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. రోడ్డు కోసం పెట్టిన ఎడమ అద్దాన్ని బ్లెస్సీ కాస్త లోపలికి తిప్పుకుంది. అందులో అతని కళ్ళు కనబడేవి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పాతబండి పొగ కక్కుతోంది. వచ్చే శనివారం సాయంత్రం వాళ్ళ పెళ్ళి ప్రధానం. ఆ తరవాత ఇద్దరికీ కలిపి ఒకే బండి, ఇద్దరం కలిసే చూసుకుందామనుకున్నారు. అతను పెద్దది కావాలన్నాడు. లాంగ్ రైడ్‌కు బాగుంటుంది, ఇద్దరితో లాలాపేట వంతెన ఎక్కాలంటే చిన్నది ఆయాసపడుతోందన్నాడు. లాంగ్ రైడ్ ఏడాదికి రెండుసార్లు, తార్నాక చౌరస్తా రోజుకు రెండుసార్లు అంది ఆమె. తేలలేదు. తేలకుండానే అతను తన స్నేహితుడు శశిభూషణ్ అమ్మకానికి పెట్టిన బండిని, ముందు నడిపి చూస్తానని మాట్లాడుకుని, చర్చి విడిచే వేళకు గేటు ముందు దింపాడు.

భోజనాలయ్యాక బ్లెస్సీ బయటికి వచ్చింది. ఆరోన్ ట్యాంకు తుడుస్తున్నాడు.

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే వద్దంటావని."

"అంటే వద్దంటానని తెలిసే తెచ్చావు."

ఆమె బండి ఎక్కి కూర్చుంది. ఎడమకాలి వేళ్ళ కొసలు మాత్రం నేలకు తగిలాయి. బరువు కొంచెం కుడివైపు ఒరిగేసరికి అతను గబుక్కున పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడానికే ఆమెకు మండింది.

"దీన్ని నేనెలా నడపాలి?"

"నువ్వెందుకు నడపడం? నేనున్నాగా."

బ్లెస్సీ దిగింది.

"ఇందాక నేను ఆమెన్ అనలేదు, విన్నావా? ఈ మాట మార్చుకోకపోతే శనివారం కూడా అనను."

ఆ మాట వంటింటి కిటికీలోంచి హెలెన్ గారికి వినబడింది. ఆమె చేతిలో గిన్నె అక్కడే ఆగిపోయింది.

సోమవారం నుంచి ఎవరి దారి వారిది. ఆమె పొగబండి మీద, అతను దున్న మీద. చూడకూడదనుకుంటూనే బ్లెస్సీ అన్నీ చూసింది. చౌరస్తాలో బస్సుల మధ్య ఇరుక్కుని, ఇంజను వేడికి అతను కాలు ఎడంగా పెట్టుకోవడం చూసింది. లైబ్రరీ ముందు చిన్నబండ్ల వరసలోంచి తనది తీయడానికి ముందు నాలుగు బండ్లు ఒక్కొక్కటే పక్కకు జరపడం చూసింది. ఒక తిప్పులో మళ్ళాల్సిన చోట మూడుసార్లు ముందుకీ వెనక్కీ తొయ్యడం చూసింది. మంగళవారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు ఖాళీ రోడ్డు మీద అతను తొణకకుండా, చెరువులో పడవలా సాగిపోవడం కూడా చూసింది. బాగున్నాడు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. లైబ్రరీ పక్కన వాలులో, గోడకు ముఖం పెట్టి ఉంది అతని బండి. దాన్ని ఎత్తు మీదికి వెనక్కి లాగాలి. కింద తడి ఆకులు. బ్లెస్సీ సైకిల్ షెడ్డు కింద నిలబడి చూస్తోంది. ఒక లాగు లాగాడు, కదల్లేదు. రెండో లాగుకు కాలు జారింది. బండి ఒరగడం మొదలైంది. అంత బరువు ఒక హద్దు దాటి ఒరిగాక మనిషి మాట వినదు. మెల్లగా, మర్యాదగా, నేలమీద పడుకుంది.

అతనికి దెబ్బ తగల్లేదు. హ్యాండిల్ పట్టుకుని ఎదురుగా గుంజుతున్నాడు. బ్లెస్సీ రెండు నిమిషాలు ఓర్చుకుంది. తరవాత వానలోకి నడిచింది.

"అలా గుంజితే నడుం పోతుంది. ముందు తాళం తీసెయ్. అటు తిరుగు. వీపు సీటుకు ఆనించి కాళ్ళతో లేపాలి."

ఇద్దరూ బండికి వీపులు ఆనించి, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నంత కిందికి వంగారు. ఆమె మూడు అంకెలు లెక్కపెట్టింది. బండి లేచింది. ఇద్దరూ రొప్పుతున్నారు. వాన వాళ్ళ ముక్కుల మీంచి కారుతోంది.

"నిజం చెప్పు" అంది బ్లెస్సీ. "వంతెన కోసం కాదు. లాంగ్ రైడ్ కోసం కాదు. ఎందుకిది?"

అతను చాలాసేపు అద్దం మీది నీళ్ళు తుడిచాడు. అప్పుడు చెప్పాడు. జూన్‌లో ఒకరోజు క్యాంటీన్ ముందు దిగగానే శశిభూషణ్ అందరిలో అడిగాడట: "ఏంది భై, పెండ్లయినంక గూడ గిట్లనే మేడమ్ ఎనక సంచి తీరు కూసుంటవా?" అందరూ నవ్వారట. తనూ నవ్వాడట.

బ్లెస్సీ మనసులో నెలలు లెక్కేసుకుంది. జూన్, జూలై, ఆగస్టు.

"మూడు నెలలు సిగ్గుపడుతూ నా వెనక కూర్చున్నావా?"

"బ్లెస్సీ, అది కాదు..."

"మరి ఆ మూడు నెలలూ నా చెవి దగ్గర కబుర్లు చెప్పింది ఎవరు?"

అతను మళ్ళీ అద్దం తుడవబోయాడు.

"పడితే ఎత్తడానికి నేను కావాలి. నడపడానికి అక్కర్లేదు. బాగుంది."

తడిసిన చున్నీ పిండుకుంటూ వెళ్ళిపోయింది. పాతబండి నాలుగు తన్నులకు గానీ లేవలేదు. ఆ తన్నులు ఎవరికో అతనికి అర్థమైంది.

ఇంటికి వచ్చి, పాస్టరు గారికి ఫోన్ చేసి ప్రధానం ఆపమని నాన్నతో చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది, ఒక్కటీ దాచకుండా. ఆనందరావు గారు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు.

"ఆదివారం ప్రార్థనలో నిన్ను వెనక కూర్చోబెట్టానమ్మా, నోటికి అలవాటైన మాట వచ్చేసింది. పదేళ్ళు నీ వెనక కూర్చున్నవాణ్ణి. ఇంకెవరు అన్నా నేను అనకూడదు."

అప్పుడు హెలెన్ గారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే అన్నారు. "మొదట్లో మీ నాన్న సందు చివరి దాకా నడిచి వెళ్ళి, మలుపు తిరిగాక నీ బండి ఎక్కేవారు. ఎందుకనుకున్నావు? ఒంటికి నడక మంచిదనా?"

బ్లెస్సీ తండ్రి వైపు తిరిగింది. ఆయన కాదనలేదు.

"ఎన్నాళ్ళు పట్టింది నాన్నా?"

"నెల. ఒకరోజు వాకిట్లోనే ఎక్కేశాను. చూసినవాళ్ళు చూశారు. ఏమీ కాలేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "నెల పట్టే మనుషులుంటారు, మూడు నెలలు పట్టేవాళ్ళూ ఉంటారు. అసలు పట్టనివాళ్ళూ ఉంటారు. ఇతను ఏ రకమో శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ నీకు వద్దనిపిస్తే ఫోన్ నేనే చేస్తాను."

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సీతాఫల్‌మండి స్టేషన్ ముందు ఆరోన్ నిలబడి ఉన్నాడు. చేతిలో హెల్మెట్ ఉంది, బండి లేదు. బ్లెస్సీ అతన్ని దాటి పోయింది. పది గజాల అవతల ఆగింది. వెనక్కి చూడలేదు. అతను నడుచుకుంటూ వచ్చి, అడక్కుండా ఎక్కకూడదని పక్కన నిలబడ్డాడు.

"బండేది?"

"నిన్న ఇచ్చేశాను."

"నేనడిగానా ఇచ్చెయ్యమని?"

"లేదు. నేనే ఇచ్చాను." అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. "క్యాంటీన్ ముందు నుంచి పోనీ."

ఆమె ఎక్కమంది. దారిలో ఒక్క కబురూ లేదు. క్యాంటీన్ ముందు ఆపమన్నాడు. శశిభూషణ్ నలుగురితో కలిసి చాయ్ తాగుతున్నాడు. వెనకసీటు మీంచి దిగకుండానే ఆరోన్ అన్నాడు.

"శశీ, జూన్‌ల ఒక మాట అడిగినవ్ గదా. పెండ్లయినంక గూడ గిట్లనే కూసుంటా. ముప్పై ఏండ్లయినంక గూడ."

శశిభూషణ్ చాయ్ గ్లాసు దించి ఇద్దర్నీ చూశాడు. "కూసో భై, నాకేంది. నా బండికి మాత్రం మీ మామ ప్రార్థన ఫ్రీగ ఒచ్చింది. ఇగ నేన్ దాన్ని అమ్మ."

నవ్వారు. ఈసారి ఆరోన్ కూడా నిజంగానే నవ్వాడు. బ్లెస్సీ నవ్వలేదు. చెట్ల కిందికి మళ్ళాక అంది:

"కోపం పోలేదు నాకు."

"తెలుసు."

"ఇప్పట్లో పోదు."

"సరే. ఎన్నాళ్ళయినా సరే, వెనక కూర్చునే ఉంటా."

ఆమె గేరు మార్చింది. కాస్త దూరం పోయాక, వంతెన ఎక్కేటప్పుడు ఈ బండి ఆయాసపడే మాట నిజమేనని, అది మాత్రం నువ్వు సరిగ్గానే చెప్పావని అంది. ఆ ఒక్కమాట ఒప్పుకోవడానికి ఆమెకు అయిదు రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ షోరూముకు వెళ్ళారు. అక్కడి కుర్రవాడు వివరాలన్నీ ఆరోన్‌కు చెప్పబోతే, నడిపేది మేడమ్ అని ఆమె వైపు చూపించాడు ఆరోన్. నూట పాతిక సీసీ. ఆమె ఎక్కింది, మడమలు ఆనాయి. అతను వెనక ఎక్కాడు. వంతెన దాకా వెళ్ళి వచ్చారు. బండి రొప్పలేదు.

శనివారం ఉదయం, సాయంత్రం ప్రధానానికి వచ్చే చుట్టాలింకా దిగకముందే, అదే గేటు ముందు ఎర్రటి చిన్నబండి నిలబడింది. ఆనందరావు గారు ట్యాంకు మీద చెయ్యి పెట్టారు. బ్లెస్సీ ఈసారి కూడా కళ్ళు మూయలేదు. బండిని కాదు, ఆరోన్‌ను చూస్తోంది.

"ప్రభువా, దీన్ని నడిపే మా బిడ్డ బ్లెస్సీని, వెనక కూర్చునే ఆరోన్‌ను..."

"ఆమెన్" అన్నాడు ఆరోన్, సందు చివరికి వినబడేలా.

ఆనందరావు గారు ఒక కన్ను తెరిచారు. "ఇంకా అవలేదు బాబూ."

హెలెన్ గారి భుజాలు నవ్వుకు కొంగు కింద కదిలాయి. ప్రార్థన అయింది. ముగ్గురూ ఆమెన్ అన్నారు. నాలుగోదాని కోసం ఆయన కళ్ళు తెరవకుండా ఆగారు. బ్లెస్సీ కాసేపు ఆపి, వాళ్ళను ఆపగలిగినంతసేపు ఆపి, అంది.

ఆమె ఎక్కి తాళం తిప్పింది. ఆరోన్ వెంటనే ఎక్కలేదు. ముందుకు వచ్చి, ఎడమ అద్దం పట్టుకుని, ఒక్క వేలితో కాస్త లోపలికి తిప్పాడు. వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అద్దంలో అతని కళ్ళు సరిగ్గా కనిపించాయి.

"నీకు తెలుసా?" అంది బ్లెస్సీ.

"రెండేళ్ళుగా."

ఆమె ముఖం ఎర్రబడింది. అతను సర్దుకునేలోపే క్లచ్ వదిలింది.