వెనక్కి ఈదిన ఎర

ఫ్యాన్లు బాగుచేసే అబ్బాయి తెలివి తక్కువవాడేం కాదు. ఎదురుగా ఎవరూ లేకపోతే చాలు, ఎంత పనైనా చక్కగా చేస్తాడు.

చెరువుగట్టు మీదున్న గాలాల షాపులో మాత్రం ఎదురుగా ఆ అమ్మాయి ఉంది. దారం కొస పళ్ళ మధ్య బిగించి, చిన్న చిన్న ఈకలను గాలానికి కడుతోంది. అతను స్టూలెక్కి, ఆమె వేళ్ళను చూస్తూ, పైన వైర్లు కలిపాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరిగింది. గాలి మాత్రం చుక్క లేదు.

ఆమె తలెత్తి కాసేపు పైకే చూసింది.

"బల్లులకి బాగానే తగులుతోందండీ. మాకెప్పుడు?"

రెండు వైర్లూ తారుమారయ్యాయి, ఒక్క నిమిషం, అని చెబుదామనుకున్నాడు. మాట వచ్చేలోగా కాళ్ళు రివర్స్ గేరులో పడి, వెనకున్న, గాలాలకు కట్టే బెండ్ల బుట్టను తన్నాయి. ఆమె ఆ బెండ్లన్నీ ఏరుకుంటూ, ఫ్యాన్‌ను అలాగే ఉంచమంది. గాలి కిందికొస్తే ఈకలు ఎగిరిపోతాయని, అందుకే ఇన్నాళ్ళూ ఫ్యాన్ ఆపుకుని చెమటలో పనిచేస్తున్నానని, ఇప్పుడు ఉక్కా తగ్గింది, ఈకా కదలడం లేదని చెప్పింది. జాలిపడి అంటోందనుకున్నాడు అబ్బాయి. తన మీద తనకున్న అభిప్రాయం అలాంటిది.

ఆ తర్వాత ఫ్యాన్‌ను చూసి పోదామని తరచూ వచ్చేవాడు. వచ్చి స్క్రూడ్రైవర్ మర్చిపోయేవాడు, మర్నాడు దానికోసం వచ్చి టెస్టర్ మర్చిపోయేవాడు. మర్చిపోవడంలో అతని జ్ఞాపకశక్తి అమోఘం. ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకునేవాడు. ఆమె తలెత్తి "ఏమిటండీ?" అనగానే రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ లేదని గుమ్మం దాటేవాడు.

ఒకరోజు షాపులో మూలన అట్టపెట్టెలు కనిపించాయి. చెరువులో చేపలు రబ్బరు ఎరలకు అలవాటుపడి, దగ్గరికొచ్చి చూసి పోతున్నాయని, కొనేవాళ్ళూ అంతేనని, షాపు మూసేసి ఓడరేవులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నామని ఆమె నాన్న చెప్పాడు. ఆమె ఈకలను రంగులవారీగా పొట్లాలు కడుతోంది. సర్దుతున్న ఇంట్లో ఎవరు ఎవరి మొహమూ సరిగ్గా చూడరు. అబ్బాయి కూడా పెట్టెలవైపే చూశాడు.

మరొకడైతే ఒక్క మాటతో తేల్చేసేవాడు. ఇతనికి ఆ మాట బదులు ఒక బ్యాటరీ, బొమ్మకారులోంచి పీకిన మోటారు, చిటికెనవేలంత పంకా, రబ్బరు తొడుగు కావాల్సి వచ్చాయి. దానంతటది ఈదే ఎర తయారైతే షాపు నిలబడుతుంది, షాపు నిలబడితే ఆమె ఉంటుంది. రంగులేస్తుంటే ఎరకు ఒక కన్ను పైకి పోయింది. పాపం, ఆ ఎర కూడా అతనిలాగే అన్నిటినీ అనుమానంగా చూసేది.

ఎర సిద్ధమైన సాయంత్రం ముగ్గురూ చెరువు మెట్ల మీద నిలబడ్డారు. ఆమె నాన్న ఎరను విసిరాడు. అది నీళ్ళలో పడి, గుర్రుమని, తోకను ముందుపెట్టుకుని వెనక్కి ఈదడం మొదలుపెట్టింది.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "చేపల్ని చాలా చూశాను గానీ, ఇంట్లో ఏదో మర్చిపోయి వెనక్కెళ్ళే చేపను ఇప్పుడే చూస్తున్నా."

మళ్ళీ అవే రెండు వైర్లు. ఈసారి ఆమె ఎదురుగా కూడా లేదు, తలుచుకుంటేనే సరిపోయిందన్నమాట. అబ్బాయి చల్లగా జారుకుందామనుకునేంతలో గాలం కర్ర విల్లులా వంగింది. పెద్దాయన నీళ్ళలో పడబోతే కూతురు చొక్కా పట్టుకుని ఆపింది. పైకి లాగితే మోచేతి పొడుగు చేప.

ఆమె పకపకా నవ్వింది. ఆ చేప దీన్ని చేపనుకోలేదట, రొయ్య అనుకుందట. బెదిరిన రొయ్య వెనక్కే పారిపోతుందట. అందుకే రొయ్యను పట్టేవాళ్ళు ముందు పుల్ల ఆడించి, వల వెనక పెడతారట.

పెద్దాయన ఎరను తుడిచి జేబులో వేసుకున్నాడు. ఇలాంటివి చేసిపెడితే ఓడరేవులో ఇంకా బాగా అమ్ముడుపోతాయని, అక్కడ సముద్రమే ఉందని సంబరపడ్డాడు.

ఆమెను ఆపడానికి అబ్బాయి చేసిన ఎర ఆమెను సముద్రం దాకా లాక్కుపోయేలా ఉంది. ఇంత గొప్ప పని ఇతనికి తప్ప ఇంకెవరికి సాధ్యం?

ఆమె నవ్వు ఆపి అతనివైపు తిరిగింది. "ఎరలు పార్సెల్‌లో పంపిస్తారా? మీరు చెప్పాల్సింది ఇంకేమీ లేదా?"

కాళ్ళు అలవాటుగా వెనక్కి కదిలాయి. ఒక అడుగు. రెండో అడుగుకి వీపు దేనికో తగిలింది. చూస్తే పెద్దాయన. ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలీదు. భుజం మీద చెయ్యి వేశాడు, తీయలేదు.

"చెప్పి కదులు, అబ్బాయ్."

వెనక దారి లేదు కాబట్టి మాట ముందుకే వచ్చింది. "వెళ్ళకండి. వెళ్ళక తప్పదంటే, ఆ పెట్టెల్లో నన్ను కూడా సర్దేయండి."

ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది.

"పెట్టెలన్నీ నిండిపోయాయండీ."

అతని మొహం వాడిపోవడం చూసి, మెల్లగా అంది, "ఇక విప్పడమే సులువు."

మర్నాడు, బండి కోసం గుమ్మం బయట పెట్టిన పెట్టెలను మళ్ళీ అరల దగ్గరికి చేర్చారు. పెద్ద పెట్టెను ఇద్దరు మోస్తే ఒకరు వెనక్కి నడవక తప్పదు. ఆ పని తనకొదిలేయమన్నాడు అబ్బాయి. ఆమెనే చూస్తూ, వెనక్కి నడుస్తూ, గుమ్మం తగలకుండా లోపలికి వచ్చేశాడు.