పడమటి హద్దు

అబద్ధం చెప్పడంలో ఏజెంట్ 9 అందె వేసిన చెయ్యి. అలాంటివాడు ఆ ఉదయం పక్కింటి పిన్నిగారి ముందు నీళ్లు నమిలాడు.

ఆవిడ తన ఇల్లు కూతురి పేర రాసిస్తోంది. ఇంటికి నాలుగు వైపులా ఎవరెవరున్నారో దస్తావేజులో రాయాలి.

"పడమటి హద్దు నీ ఇల్లే కదా బాబూ. ఇన్నేళ్లూ మెకానిక్ గారనే పిలిచాం. అసలు పేరేమిటి?"

ఇల్లు అతని అసలు పేరు మీదే ఉంది. ఆ పేరు పైకి చెప్పడానికి మాత్రం గూఢచారి శాఖ ఒప్పుకోదు. సాయంత్రం చెబుతానని మెల్లగా జారుకున్నాడు.

ఆఫీసులో చీఫ్ ఫైలు ముందుకు తోశాడు.

"మధ్యాహ్నం మూడింటికి సబ్‌మెరైన్ బయలుదేరుతుంది. రూట్ టాప్ సీక్రెట్. కమాండర్ అనాథ. ఈమధ్యే వాళ్ల తాతగారి వీలునామా బయటపడింది, అది అసలైనదేనని కోర్టు ప్రొబేట్ కూడా ఇచ్చింది. ఒకసారి రికార్డులు చూసిరా. ఫార్మాలిటీ."

"వీలునామా తెచ్చిందెవరు?"

"అతని మేనత్త కూతురట. మన అనువాద విభాగం అమ్మాయే. క్లియర్."

ఆమె కారిడార్లో నడిచొస్తుంటే ఫైలు చదివేవాళ్లు పేజీ తిప్పడం మరిచిపోతారు. ఏజెంట్ 9కు గుర్తుండేది వేరు. మిషన్ నుంచి తిరిగొచ్చినప్పుడల్లా "భోంచేశారా?" అని అడిగేది ఆమె ఒక్కతే. ఆ ప్రశ్న కోసమే అతను చుట్టూ తిరిగి అనువాద విభాగం మీదుగా వెళ్లేవాడు. తన బతుక్కి అదే పండగ అని అతనికి తెలుసు.

పెట్టుడు మీసం, పూల చొక్కా తగిలించుకుని ఇళ్ల బ్రోకర్ వేషంలో రికార్డు రూముకు వెళ్లాడు. తాత ఇంటి దస్తావేజు, వీలునామా, ప్రొబేట్ ఆర్డర్ అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. పెన్నులోని అల్ట్రావయొలెట్ లైటు కింద కూడా ఏ మచ్చా లేదు. ఇల్లు ఎప్పుడో కూల్చేశారట, సాక్షులు పోయారట. తన చేతి గడియారం మనవడికే చెందాలని తాత ప్రత్యేకంగా రాశాడు.

లేవబోతుంటే పిన్నిగారి ప్రశ్న గుర్తొచ్చింది. తాతగారి ఇల్లు కూడా ఎవరికో ఒక హద్దే కదా! గుమస్తా విసుక్కుంటున్నా బతిమాలి, చుట్టుపక్కల ఇళ్ల పాత దస్తావేజులన్నీ తెప్పించాడు. తాత జీవితమంతా కాపురమున్నాడన్న చోటును పొరుగువాళ్లందరూ ఖాళీ స్థలమనే రాయించారు. అంటే అక్కడ ఇల్లూ లేదు, అలాంటి తాతా లేడు. శత్రువులు తాతకు సంతకం సృష్టించారు, చావు సృష్టించారు. ఇరుగుపొరుగును సృష్టించడం మాత్రం మరిచిపోయారు.

అతను చటుక్కున లేచాడు. వీలునామా దొంగదైతే, గడియారం ఎవరిది?

జీపు రేవుకు దూసుకెళ్లింది.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు గేటు దగ్గర.

"గొడుగు ఇంట్లో ఉంది," అని సెంట్రీ దారి వదిలాడు.

నావికులు తాళ్లు విప్పేస్తున్నారు. ఒడ్డున మరదలు, అదే అనువాద విభాగం అమ్మాయి, చేయి ఊపుతోంది. కమాండర్ చిన్నపిల్లాడిలా మెరిసిపోతూ, గడియారం ఉన్న చేత్తోనే తిరిగి ఊపుతున్నాడు. ఏజెంట్ 9 ఒక్క దూకుతో డెక్ మీద పడి పెన్నును ఆ గడియారానికి ఆనించాడు. పెన్ను కీచుమంది. ట్రాన్స్‌మిటర్. అది నీళ్లలోకి వెళ్లి ఉంటే సబ్‌మెరైన్ ఎక్కడుందో శత్రువుకు అడుగడుగునా తెలిసిపోయేది.

జరిగింది విన్నాక కమాండర్ గడియారం విప్పి ఇచ్చాడు. ఆ చోట చర్మం తెల్లగా ఉంది.

"మా తాత ఎలా ఉండేవాడో ఆమె బాగా చెప్పేది," అన్నాడు. "అదంతా అబద్ధమేనా?"

ఇలాంటివాటికి ఏజెంట్ 9 దగ్గర సిద్ధంగా ఓ అబద్ధం ఉంటుంది. ఈసారి దాన్ని బయటికి తీయలేదు. అవునన్నట్టు తల ఊపాడు.

ఒడ్డు మీద ఆమె పారిపోవడానికి ప్రయత్నించలేదు. బేడీలు వేస్తుంటే అతని వంక చూసి, అలవాటు కొద్దీ అడిగింది.

"భోంచేశారా?"

"లేదు," అన్నాడు. ఆమెతో అతను చెప్పిన మొదటి నిజం అదే.

చీఫ్ మెచ్చుకుని సెలవిచ్చాడు. సెలవులో ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం చెప్పలేదు. కమాండర్‌కు ఏ హద్దుల మధ్యా చోటు దొరకలేదు, పిన్నిగారి పడమటి హద్దుగా తనకు దొరికిన చోటును తనే కాలదన్నుకుంటున్నాడు. దారంతా అదే బాధ.

ఇంటికొచ్చేసరికి పిన్నిగారు అరుగు మీద కాగితాలతో కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చుని, శాఖ నిబంధనలు గాలికొదిలి, అసలు పేరు చెప్పాడు.

పిన్నిగారు రాసుకుని, కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఈమాత్రం పేరుకా బాబూ, ఇన్నేళ్లు దాచావు?"