అత్తగారి గీత, కోడలి చిప్పు

కొరియర్ బండి వీధిలో ఆగిన చప్పుడు వినగానే అత్తగారు కాఫీ కప్పు సగంలో వదిలేసి గబగబా మెట్లు దిగింది. కోడలు అప్పటికే గేటు దగ్గరుంది, తల కూడా దువ్వుకోలేదు. ఇద్దరూ ఆ పెట్టెను చంటిపిల్లను ఎత్తుకొచ్చినంత భద్రంగా భోజనాల బల్ల మీదికి చేర్చారు.

ఆరు నెలల కష్టం అందులో ఉంది. తెర, మీటలు, కొలత పరికరాలు, ఏ ముక్క కావాలంటే అది తగిలించుకోగల చిన్న కంప్యూటర్. ముప్ఫై ఏళ్ళు సర్క్యూట్ బోర్డులు గీసి రిటైరైన అత్తగారే దీని బోర్డూ గీసింది. మధ్యలో కూర్చునే చిప్పు పని కోడలిది. మామూలు చిప్పు ఫ్యాక్టరీలో ఎలా తయారైతే అలాగే ఉండిపోతుంది. దీని లోపలి దారులు మాత్రం రాసిన ప్రోగ్రామును బట్టి మారిపోతాయి. దీని కోసమే కోడలు మంచి ఉద్యోగం మానేసింది. సాయంత్రం నాలుగింటికి కాలేజీ ల్యాబ్ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. నచ్చితే యాభై తీసుకుంటారు.

బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. తెర ముక్క తగిలించారు. అది నల్లగానే ఉంది. తీసి పెట్టారు, తుడిచి పెట్టారు, వేరే తెర ముక్కలు మార్చి చూశారు. పన్నెండయింది.

"నా బోర్డు పదిసార్లు సరిచూసుకున్నాను. తప్పు నీ ప్రోగ్రాములోనే ఉంది" అంది అత్తగారు. "పూటకో రకంగా మారే చిప్పు వద్దని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

"పదిసార్లూ మీరే చూశారు అత్తయ్యా. నన్ను ఒక్కసారైనా చూడనిచ్చారా?"

కోడలు లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. భోజనానికి పిలవడానికొచ్చిన కొడుకు తల్లి మొహం చూసి వెనక్కి తగ్గాడు.

తన మాటే నిజమని చూపించాలని అత్తగారు డ్రాయింగు తెరిచింది. రెండు నిమిషాల్లో తప్పు దొరికింది. తెర ముక్క బోర్డు మీద బోర్లా కూర్చుంటుంది. ఆవిడేమో దాన్ని వెల్లకిలా చూస్తూ గీసింది. ముక్కని బోర్డుకి కలిపే ఎడమ పిన్నులన్నీ కుడికి, కుడివన్నీ ఎడమకి పోయాయి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే, కోడలు కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో వరుసా చదువుతోంది, తాను చేయని తప్పు కోసం. ఇక ఆవిడ ఆగలేకపోయింది.

"అమ్మాయ్, వెతకడం ఆపు. తప్పు నాది. పిన్నులు తిరగేసి గీశాను. మళ్ళీ బోర్డులు చేయించాలంటే మూడు వారాలు. కాలేజీ వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను."

కోడలు డ్రాయింగు వంక చూసింది. ఆమె మొహం చేటంతయింది.

"ఫోన్ వద్దు అత్తయ్యా. చిప్పు లోపల దారులు తిప్పేస్తే చాలు. కుడి పిన్నుని ఎడమ అనుకోమని చెబుతాను."

"మరి కరెంటు పిన్నులు?"

"సరిగ్గా మధ్యలో పెట్టారు కదా మీరు. తిరగేసినా వాటి చోటు మారదు. ఓ పక్కకి పెట్టుంటే పొద్దున్నే అన్నీ మాడిపోయేవి."

అత్తగారు డ్రాయింగు చూసి పిన్నుల అంకెలు చదువుతుంటే కోడలు ప్రోగ్రాములోకి ఎక్కిస్తూ పోయింది. ఇద్దరికీ ఆకలి గుర్తే రాలేదు. మూడున్నరకి తెర తెల్లగా వెలిగి, దాని మీద అక్షరాలు బారులు తీరాయి. వాళ్ళ కేకకి కొడుకు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

కాలేజీ వాళ్ళు గంటసేపు ముక్కలు పీకి, తగిలించి, యాభైకీ సరేననేసి వెళ్ళారు. గేటు వేసొచ్చిన అత్తగారు కోడలి చేయి పట్టుకుంది.

"మధ్యాహ్నం అనరాని మాట అన్నాను. ఇకమీదట నేను గీసిన ప్రతి బోర్డూ నువ్వు చూడాలి. తప్పు కనిపిస్తే మొహమాటపడకు."

"చూస్తాను. మీరు నా ప్రోగ్రాము చదవాలి మరి."

"నాకేం అర్థమవుతుందే?"

కోడలు తన పక్కన కుర్చీ లాగింది. "మొదటి వరుస నుంచి చెబుతాను, కూర్చోండి."

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది.